మాలెకు ఓడలు ఆగలేదు

2024 ఏప్రిల్‌ నాటి మాట. మాల్దీవుల్లోని మన సైనికులు విడతలవారీగా వెనక్కి వస్తున్నారు. చివరి గడువు మే 10. ‘ఇండియా అవుట్’ నినాదంతో అక్కడ అధ్యక్షుడిగా గెలిచిన ముయిజ్జు పట్టుబట్టి పెట్టించిన గడువు అది. జనవరిలో అక్కడి ముగ్గురు ఉపమంత్రులు మన ప్రధానిని నోటికొచ్చినట్టు మాట్లాడి సస్పెండ్ అయ్యారు. మాల్దీవులకు వెళ్లొద్దంటూ ఇక్కడ సోషల్ మీడియా హోరెత్తిపోయింది. అంత టెన్షన్ నడుమ ఢిల్లీ ఒక నోటిఫికేషన్ ఇచ్చింది: ఆ ఏడాదికి మాల్దీవులకు 42.75 కోట్ల గుడ్లు, 1.24 లక్షల టన్నుల బియ్యం, 35 వేల టన్నులకు పైగా ఉల్లిపాయలు పంపవచ్చని.

అప్పటికి మన దేశం నుంచి ఉల్లి ఎగుమతిపై నిషేధం ఉంది. బాస్మతియేతర తెల్ల బియ్యంపైనా ఉంది. అయినా 1981 నాటి వాణిజ్య ఒప్పందం కింద అంతకుముందెన్నడూ లేనంత కోటా ఇచ్చారు. వరి పండని దీవుల్లో సుమారు 5 లక్షల మంది తినే తిండి అది. ఈ మధ్య మన విదేశాంగ నీతిలో నాకు బాగా నచ్చిన పని ఇదే. ముయిజ్జు మీద కోపం ఎంతున్నా, ఆ దేశ రాజధాని మాలెలో వంట చేసుకునే ఇల్లాలి మీద దాన్ని చూపించలేదు.

సైనికుల విషయంలోనూ పట్టువిడుపులు పనిచేశాయి. మనమిచ్చిన రెండు హెలికాప్టర్లు, ఒక డోర్నియర్ విమానం దూరపు దీవుల నుంచి రోగులను ఆస్పత్రులకు చేరవేసేవి. వాటిని నడిపే సైనికుల స్థానంలో సాంకేతిక సిబ్బంది వెళ్లారు. ముయిజ్జు ఇచ్చిన మాట నిలిచింది, రోగుల ప్రయాణమూ ఆగలేదు.

ముయిజ్జుకు అప్పుల భారం ఉంది, గత్యంతరం లేకే దారికొచ్చారని కొందరంటారు. అందులో నిజముంది. అదే ఏడాది అక్టోబరులో ఆయన ఢిల్లీ వచ్చినప్పుడు 40 కోట్ల డాలర్ల కరెన్సీ స్వాప్ ఒప్పందం (అవసరానికి మన రిజర్వు బ్యాంకు నుంచి డాలర్లు తీసుకునే వీలు) కుదిరింది. కానీ అవసరం ఒక్కటే మనిషిని మన గుమ్మం దాకా తీసుకురాదు. తలుపు మూసి ఉంటే వేరే ఇంటికి వెళ్తాడు.

నేపాల్‌లో అదే జరిగింది. 2015లో భూకంపం వచ్చిన కొద్ది నెలలకే, కొత్త రాజ్యాంగంపై గొడవల మధ్య బిహార్‌లోని రక్సౌల్ సరిహద్దులో ట్రక్కులు నిలిచిపోయాయి. దిగ్బంధం మాది కాదు, మధేశీల (నేపాల్ దక్షిణ మైదాన ప్రాంత ప్రజల) ఆందోళన వల్లే అని మనం చెప్పాం. సగం నింపిన గ్యాస్ సిలిండర్ కోసం క్యూలో నిలబడ్డ కాఠ్మాండూ వాసి ఆ మాట నమ్మలేదు. 2016 మార్చిలో అప్పటి నేపాల్ ప్రధాని ఓలీ బీజింగ్ వెళ్లి రవాణా ఒప్పందం చేసుకొచ్చారు.

2025 జులైలో మాల్దీవుల 60వ స్వాతంత్ర్య దినోత్సవానికి మోదీయే ముఖ్య అతిథి. ముయిజ్జు స్వయంగా విమానాశ్రయానికి వచ్చి స్వాగతం పలికారు.

మాలె విషయంలో చూపిన ఈ ఓర్పు ఢాకా దగ్గరికొచ్చేసరికి ఏమైందన్నదే నా బాధ. 2024 ఆగస్టులో పదవి కోల్పోయిన బంగ్లాదేశ్ ప్రధాని హసీనా భారత్ వచ్చాక బంగ్లాదేశీయులకు వీసాలు నెలల తరబడి బాగా తగ్గించేశాం. 2025లో వాళ్లు మన నూలును భూమార్గంలో రానివ్వలేదు, మనం వాళ్ల దుస్తులను ఆ దారిన రానివ్వలేదు. వైద్యం కోసం కోల్‌కతా వచ్చే రోగికి ఈ పంతాలతో ఏం పని? మాలెకు గుడ్లు, బియ్యం పంపిన చేత్తోనే ఆ వీసాలూ ఇచ్చి ఉండాల్సింది.