"ఎలాగూ" గారికి ఒక ఉత్తరం

"ఎలాగూ" గారికి,

నమస్కరించి వ్రాయునది. మేము ఇక్కడ క్షేమంగా లేము. స్టవ్వు పడకగదిలో ఉంది, ఫ్రిజ్ హాల్లో ఉంది, చెంచాలు ఎక్కడున్నాయో ఎవరికీ తెలియదు. మీ క్షేమం గురించి వేరే అడగక్కర్లేదు.

మా తాతల నాటి వంటింట్లో మార్చాలనుకున్నది ఒక్క కుళాయి. అదీ కారుతోందని. ప్లంబరు దాన్ని తిప్పగానే గోడలోని ఇనుప పైపు కూడా తిరిగింది. కోసి చూస్తే లోపలంతా తుప్పు పేరుకుపోయి, పెన్సిలు దూరేంత సందు మిగిలింది. నీళ్లు సన్నగా వస్తున్నాయని ఇన్నేళ్లూ ట్యాంకును తిట్టాం. అప్పుడు దిగారు మీరు: "ఎలాగూ పైపు మారుస్తున్నాం కదా, టైల్స్ కూడా తీసేస్తే పోలా?"

టైల్స్ తీస్తే వైర్లు బయటపడ్డాయి. రెండే తీగలు, ఎర్తింగ్ ఊసే లేదు. వాటి మీదే మేం 2000 వాట్ల ఇండక్షన్ పొయ్యి నడిపాం. ఈ ఒక్క విషయంలో మీకు రుణపడి ఉన్నాం, నిజంగానే.

కానీ గట్టు జోలికి ఎందుకు వెళ్లారు? అది మా నానమ్మ తన ఎత్తుకు సరిపోయేలా కట్టించుకున్న గట్టు, 75 సెంటీమీటర్లు. ఇప్పుడు 85 నుంచి 90 దాకా ఉండాలట. నడుము నొప్పులకు కారణం దొరికిందని ఇంట్లో అందరూ సంబరపడ్డారు, ఆ గట్టు ముందు ఒక్కపూటా నిలబడనివాళ్లు కూడా (నేను కూడా). పగలగొట్టడానికి రెండు రోజులు పట్టింది. ఆవిడా అంతే, ఒక పట్టాన మాట వినేది కాదు.

తర్వాత కప్‌బోర్డుల కోసం మేస్త్రీ దారానికి గుండు కట్టి వేలాడదీశాడు. గోడ పైకీ కిందకీ 2 సెంటీమీటర్లు తేడా! "ఎలాగూ ప్లాస్టరింగ్ చేస్తున్నాం కదా, సరిచేసేద్దాం" అన్నారు మీరు. సరిచేశాం. దాంతో పక్కనున్న కిటికీ వంకరగా కనిపించడం మొదలుపెట్టింది.

కొత్త ప్లాస్టరింగ్‌ను కనీసం 7 రోజులు తడుపుతూ ఉండాలట. ఆ వారమైనా మా గడప తొక్కకండి అని వేడుకోడానికే ఈ ఉత్తరం మొదలుపెట్టాను. ఈలోగా నిన్న అదే గోడకు అవతలివైపు, బాత్రూమ్‌లో, చెమ్మ కనిపించింది. మేస్త్రీ చూసి ఊరుకున్నాడు. మీ పేరు ఎత్తింది నేనే.

ఇట్లు,
కొత్త కుళాయి ఇంకా డబ్బాలోనే ఉన్న ఇంటాయన