కేసు పోయినా పేరు పోవట్లేదు

పోయిన నెల మా ఆఫీసుకి ఒక కుర్రాడు వాళ్ల నాన్నని వెంటబెట్టుకుని వచ్చాడు. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో రెండు కాగితాలు. ఒకటి కేసు కొట్టేసినట్టు కోర్టు ఇచ్చిన సర్టిఫైడ్ కాపీ. రెండోది నాలుగేళ్ల కింద మా పేపర్ జిల్లా ఎడిషన్లో పడిన వార్త, అగ్గిపెట్టంత కూడా లేదు, నిమజ్జనం రోజు గొడవలో అయిదుగురు అరెస్ట్ అని, అయిదుగురి పేర్లూ తండ్రుల పేర్లూ ఊరితో సహా. మడతపెట్టీ పెట్టీ ఆ కటింగ్ మధ్యలో చిరిగితే వెనక టేపు అంటించి దాచారు. ఆ పెద్దాయన అడిగింది ఒక్కటే, "అరెస్టయ్యాడని వేశారు కదండీ, కొట్టేశారని ఎందుకు వెయ్యలేదు?" మా దగ్గర సమాధానం లేదు. అరెస్టు రోజు స్టేషన్ నుంచి ప్రెస్ నోట్ వస్తుంది, కొట్టేసిన రోజు ఎవరూ నోట్ పంపరు, మేమూ వెళ్లి అడగలేదు. తప్పు మాది కూడా.

ఆ అబ్బాయికి హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చింది, బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ దగ్గర ఆగింది. వెరిఫికేషన్ చేసేవాళ్లు కోర్టుల వెబ్‌సైట్లో పేరు కొడతారు, గూగుల్లో కొడతారు, కేసు నంబరు, సెక్షన్లు కనపడతాయి, చివరికి ఏమైందో కిందదాకా చూసే ఓపిక ఎవరికుంది, ఎందుకొచ్చిన గొడవ అని పక్కనపెట్టేస్తారు, పక్కనపెట్టామని కూడా చెప్పరు.

అలాగని అరెస్టుల వివరాలు జనానికి తెలియకూడదని మేము అనట్లేదు, ఈ మాట ముందే గట్టిగా చెప్తున్నాం. అర్ధరాత్రి మఫ్టీలో వచ్చి మనిషిని బండెక్కించుకుని పోతే తెల్లారి భార్యో తల్లో ఈ స్టేషన్ నుంచి ఆ స్టేషన్‌కి తిరగడం, "మా దగ్గర లేడమ్మా" అనే మాట ప్రతి గేటు దగ్గరా వినడం మన రెండు రాష్ట్రాల్లో పాత తరం వాళ్లకి కథ కాదు. అందుకే 1996లో డీకే బసు కేసులో సుప్రీంకోర్టు అరెస్టు మెమో ఉండాలి, బంధువులకి చెప్పాలి, కంట్రోల్ రూమ్ బోర్డు మీద పెట్టాలి అని రూల్స్ పెట్టింది. ఆ తర్వాత అవి అరెస్టులు, విచారణ ఎలా జరగాలో చెప్పే పాత చట్టం సీఆర్‌పీసీలోకి ఎక్కాయి, 2024 జూలై 1 నుంచి దాని బదులు వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 37వ సెక్షన్ ప్రకారం ప్రతి స్టేషన్లో, జిల్లా కేంద్రంలో ఏఎస్సై స్థాయికి తగ్గని ఒక అధికారి అరెస్టయినవాళ్ల పేర్లు, అడ్రసులు, ఏ నేరమో అందరికీ కనపడేలా పెట్టాలి, డిజిటల్‌గా కూడా పెట్టొచ్చు. మేము చూసిన ఒక స్టేషన్లో ఆ బోర్డు మెట్ల కింద ఉంది, ముందు సీజ్ చేసిన బైకులు, అద్దం మీద దుమ్ము, లోపల కాగితం ఎండకి పసుపెక్కి అక్షరాలు ఎగిరిపోయాయి. కొడుకు కోసం వచ్చిన తల్లికి ఆ బోర్డు ఎలా పనికొస్తుంది? ఆ బోర్డు గేటు దగ్గర ఉండాలి, తెలుగులో ఉండాలి, ఏ రోజుది ఆ రోజు మార్చాలి. ఇందులో మాకు రాజీ లేదు.

ఎఫ్‌ఐఆర్‌ల సంగతీ అంతే. 2016 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు, లైంగిక నేరాలు, పిల్లల మీద లైంగిక నేరాల చట్టం పోక్సో కింద పెట్టినవి, టెర్రరిజం లాంటి సున్నితమైనవి తప్ప మిగతా ఎఫ్‌ఐఆర్‌లన్నీ 24 గంటల్లో, నెట్ సరిగా లేని చోట గరిష్ఠంగా 72 గంటల్లో ఆన్‌లైన్లో పెట్టమంది. మంచి తీర్పు, తనమీద ఏం రాశారో తెలియక స్టేషన్ రైటర్ల చుట్టూ తిరిగి చేతులు తడిపే బాధ చాలామందికి తప్పింది.

కానీ తలుపు తీయమని చెప్పినవాళ్లు ఎప్పుడు మూయాలో చెప్పలేదు. 37వ సెక్షన్లో పెట్టమని ఉంది, తీయమని లేదు. గోడ మీది కాగితానికి పర్లేదు, వానకో ఎండకో పోతుంది, నెట్‌లో పెట్టింది ఎలా పోతుంది? పిల్లల విషయంలో మన చట్టానికి ఈ ఇంగితం ఉంది, 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 24వ సెక్షన్ ప్రకారం తప్పు చేశాడని తేలిన పిల్లాడి రికార్డు కూడా అప్పీలు గడువు అయ్యాక ధ్వంసం చెయ్యాలి, ఘోరమైన నేరాల్లో కొన్ని మినహాయింపులున్నాయి. పద్దెనిమిది దాటి ఒక్క రోజైతే చాలు, ఏ తప్పూ చేయలేదని కోర్టే చెప్పినా రికార్డు మూయించుకునే దారి చట్టంలో ఎక్కడా లేదు.

దాంతో జనం హైకోర్టులకి పోతున్నారు. 2021లో ఢిల్లీ హైకోర్టు, డ్రగ్స్ కేసులో నిర్దోషిగా బయటపడిన భారత సంతతి అమెరికన్ ఒకాయన అడిగితే, ఆయన తీర్పు సెర్చ్‌లో కనపడకుండా చెయ్యమని మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. అదే ఏడాది మద్రాస్ హైకోర్టులో ఇంకొకాయన అడిగితే దీనికి రూల్స్ లేవు, మేమేం చెయ్యలేం అన్నారు, 2024 ఫిబ్రవరిలో అదే కోర్టులో ఇద్దరు జడ్జీల డివిజన్ బెంచ్ పేరు తీసెయ్యమంది, జూలైలో సుప్రీంకోర్టు దానిమీద స్టే ఇచ్చింది. ఢిల్లీ దాకా లాయర్ని పెట్టుకోగలిగినవాళ్ల పరిస్థితే ఇది, మా ఆఫీసుకొచ్చిన ఆ తండ్రి కౌలుకి చేసుకునే మనిషి, ఆయన ఎక్కడికి పోతాడు?

అమెరికాలో పెన్సిల్వేనియా 2018లో క్లీన్ స్లేట్ చట్టం తెచ్చింది, శిక్ష పడకుండా ముగిసిన కేసులు ఎవరూ అర్జీ పెట్టక్కర్లేకుండా కంప్యూటరే మూసేస్తుంది, పోలీసులకి కనపడుతుంది, బయటివాళ్లకి కనపడదు. అక్కడున్న మన పిల్లలకి ఒక మాట, అక్కడ రికార్డు సీల్ అయినా వీసా ఫారంలో ఎప్పుడైనా అరెస్టయ్యారా అన్న ప్రశ్న అలాగే ఉంటుంది, క్షమాభిక్ష లాంటివి దొరికినా చెప్పాల్సిందే అని అక్కడే రాసి ఉంటుంది, లాయర్ని అడక్కుండా లేదని టిక్ పెట్టి మునిగిపోకండి.

మేము అడిగేది ఇక్కడ కూడా అలాంటి ఏర్పాటే. కేసు కొట్టేస్తేనో, చార్జిషీటే వెయ్యకుండా మూసేస్తేనో, లోక్ అదాలత్‌లో రాజీ అయితేనో, అప్పీలు గడువు దాటాక ఆ పేరు బయటి సెర్చ్‌లో రాకూడదు. మనిషి వచ్చి అడగాల్సిన పని ఉండకూడదు, కోర్టు సిస్టంలోనే అది జరిగిపోవాలి. తీర్పు ఉండాలి, పేరు బదులు పొడి అక్షరాలు ఉండాలి. ఇక్కడ మాకున్న భయం కూడా చెప్పాలి. సీల్ పేరుతో పోలీసులు తమ తప్పులు కప్పిపుచ్చుకోకూడదు. స్టేషన్లో దెబ్బలు తిన్నవాడికి తన అరెస్టు మెమో, మెడికల్ కాగితాలు ఎప్పుడడిగినా దొరకాలి, అవే అతని సాక్ష్యం. పేర్లు లేకుండా లెక్కలు జనానికి అందుబాటులో ఉండాలి, ఏ స్టేషన్ ఎంతమందిని పట్టుకుంది, అందులో ఎన్ని నిలబడ్డాయి అని. ఎన్నికల్లో నిలబడేవాళ్లకి, పదవుల్లో ఉన్నవాళ్లకి ఈ సౌకర్యం అస్సలు వద్దు. ప్రభుత్వం మారగానే జీవోతో కేసులు ఎత్తేయించుకునే నాయకులని మనం చూస్తూనే ఉన్నాం, వాళ్ల అఫిడవిట్లు జనం ముందు ఉండాల్సిందే.

ఇంకొకటి, పోలీసులు అరెస్టయినవాళ్లకి ముసుగేసి వరసగా నిలబెట్టి ప్రెస్‌మీట్లు పెట్టడం. మీడియా ముందు ఏం చెప్పాలో ఏం చెప్పకూడదో మాన్యువల్ తయారు చెయ్యమని 2023 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు కేంద్ర హోంశాఖకి చెప్పింది. ముసుగు మొహానికే, పేరు ఊరు చదివాక ముసుగు ఎందుకు? చదివింది చదివినట్టు రాసుకొచ్చి వేస్తున్నది మేమే కాబట్టి ఈ ప్రశ్న మాకూ తగులుతుంది.

అందుకని మా వరకు మేము ఈ వారం నుంచే మొదలుపెడుతున్నాం. చిన్న కేసుల్లో అరెస్టయిన మామూలు మనుషుల పేర్లు, తండ్రి పేర్లు వెయ్యం. పెద్ద కేసుల్లో పేరు వేస్తే ఆ కేసు చివరిదాకా ఫాలో అవుతాం, కొట్టేస్తే అదే పేజీలో అంతే సైజులో వేస్తాం. మా వెబ్‌సైట్లో పాత వార్తల కోసం కోర్టు కాపీ తీసుకుని జిల్లా ఆఫీసుకి రండి, పైసా కట్టక్కర్లేదు, చూసి పేరు తీసేస్తాం, కేసు ఎలా ముగిసిందో ఆ వార్త కింద రాస్తాం. నిమజ్జనం వార్తలో అయిదు పేర్లూ నిన్ననే తీసేశాం. కేసు కొట్టేశారన్న వార్త ఇవాళ జిల్లా ఎడిషన్ నాలుగో పేజీలో ఉంది, ఆ పెద్దాయన ఒప్పుకున్నాకే వేశాం.