ఎవరికీ కోపం తెప్పించని మాట గారికి

మాట గారూ,

అయ్యా అనాలో అమ్మా అనాలో తెలీక ‘గారు’తో సరిపెడుతున్నాను. ఏ పక్షానా నిలబడరు కాబట్టి వ్యాకరణంలో మీది నపుంసకలింగమే అయ్యుంటుందని నా అనుమానం. మార్కాపురం, దోర్నాల, ఎర్రగొండపాలెం వైపు ఓ పేపరుకి కంట్రిబ్యూటరుగా వార్తలు రాసిన రోజుల్లో మీకోసం నేను తిరిగినంత మా నాయన నా పెళ్ళి సంబంధాలకి కూడా తిరగలేదు. అప్పట్లో నల్లమల అడవిలో తుపాకులు పట్టినవాళ్ళకీ పోలీసులకీ పోరు. పేపరు డెస్కు వాళ్ళు ఒకటే మాట చెప్పేవాళ్ళు: “అబ్బాయ్, నల్లమల వార్తల్లో ఎవరి పక్షమూ కనపడకూడదు.” సరే అని బయల్దేరాను, ఇంతవరకూ మీరు కనపడలేదు.

‘అన్నలు’ అని రాస్తే స్టేషన్ నుంచి ఫోను, ఏం వాళ్ళు మీ ఇంటల్లుళ్ళా అని. ‘తీవ్రవాదులు’ అని రాస్తే పోలీసుల ప్రెస్ నోట్ మక్కీకి మక్కీ దించానని అవతలి నుంచి కబురు. ‘విప్లవకారులు’ అంటే ఇటువాళ్ళకి మంట. పోనీ ‘నక్సలైట్లు’ అందామంటే అది ఎక్కడో బెంగాల్లో నక్సల్బరి అనే ఊరి పేరు, 1967లో అక్కడ రైతులు తిరగబడ్డ పాపానికి ఆ ఊరివాళ్ళు మా దోర్నాల వార్తల్లోకి కూడా ఎక్కాల్సొచ్చింది. ఒకసారి తెలివిగా ‘సాయుధులు’ అని పంపాను. డెస్కులో సబ్‌ఎడిటరు, “మరి పోలీసుల చేతుల్లో ఉండేవి చేతికర్రలా?” అన్నాడు. నిజమే, నోరెత్తలేదు.

మీరు దొరకనందుకు నాకు లాభం లేదని మాత్రం అనను. మాకు డబ్బిచ్చేది అచ్చయిన వార్త పొడవుని బట్టి, సెంటీమీటర్ల లెక్కన. ‘అన్నలు’ అంటే మూడక్షరాలు, పైసా రాదు. ‘నిషేధిత పార్టీకి చెందినవారిగా భావిస్తున్న గుర్తుతెలియని సాయుధ వ్యక్తులు’ అంటే నాలుగు వార్తలకి ఓ టీ, రెండు బజ్జీలు. ఆ కాపీని కవర్లో పెట్టి, పైన ‘ప్రెస్ – అర్జెంట్’ అని రాసి సాయంత్రం ఒంగోలు బస్సు కండక్టరు చేతిలో పెడితే ఆయన దాన్ని టికెట్ల సంచీలోకి తోస్తూ, “ఇవాళ అన్నలా, పోలీసులా?” అని అడిగేవాడు. ఆయనకి రెండు మాటలతో పనయిపోయేది.

మీ అసలు వేషాలు చూసింది 2004లో. అంతకుముందు దాకా నా కాపీలో ‘తీవ్రవాదులు’గా ఉన్నవాళ్ళు అక్టోబరులో మా జిల్లా చిన్నారుట్ల దగ్గర అడవిలోంచి బయటికొచ్చి, సర్కారుతో శాంతి చర్చలకని హైదరాబాదు వెళ్ళి, సర్కారు అతిథిగృహంలో దిగి, హోంమంత్రి జానారెడ్డి ఎదురుగా కుర్చీల్లో కూర్చునేసరికి ‘ప్రతినిధులు’ అయిపోయారు. వాళ్ళ పార్టీ పీపుల్స్‌వార్ కాస్తా మావోయిస్టు పార్టీ అయిందని అదే నెలలో ప్రకటించారు. ఏడాది తిరక్కుండా, 2005 ఆగస్టులో ఎమ్మెల్యే నర్సిరెడ్డిని చంపడం, రెండ్రోజుల్లో సర్కారు నిషేధం పెట్టడం, నా ‘ప్రతినిధులు’ మళ్ళీ ‘తీవ్రవాదులు’. మనుషులు వాళ్ళే, తుపాకులూ అవే, మారింది జీవో. మాది పలకల ఊరు కదా, తడిగుడ్డతో తుడిచి మళ్ళీ రాయడం మాకు చిన్నప్పటినుంచీ అలవాటే.

అయినా పేర్ల గొడవ పైపైదండీ. నేను పేర్ల దగ్గర మిమ్మల్ని వెతుకుతుంటే తప్పు జరిగిందంతా మిగతా మాటల దగ్గర. ‘ఇన్‌ఫార్మర్ హత్య’ అని హెడ్డింగు పెట్టేవాళ్ళం. చంపినవాళ్ళు మోపిన నేరాన్ని ఒక్క ముక్క ఆధారం లేకుండా, కోట్స్ కూడా లేకుండా మేమే ఖాయం చేసి అచ్చేశాం, పెళ్ళాం పిల్లలున్న మనిషి మీద. ‘ఎదురుకాల్పుల్లో మృతి’ అనీ రాశాం. ‘ఎదురు’ అన్నప్పుడే అవతలివాడూ కాల్చాడని సాక్ష్యం చెప్పినట్టు, నేను ఆ సమయానికి మార్కాపురంలో పునుగులు తింటున్నాను. ‘అని పోలీసులు తెలిపారు’ అని నేను రాసిన ముక్కని డెస్కులో చోటు చాల్లేదని కోసేసేవాళ్ళు. చోటు చాల్లేదట!

అదే, ఈ వాక్యం చూడండి: 1995 డిసెంబరు 1న ఒంగోలు ఎంపీ మాగుంట సుబ్బరామిరెడ్డిని పీపుల్స్‌వార్ వాళ్ళు ఒంగోల్లోనే కాల్చి చంపారు. ఈ వాక్యానికి మీ అవసరం ఏముంది చెప్పండి? ఎవరు, ఎవరిని, ఎప్పుడు, ఏం చేశారో అందులోనే ఉంది. అలా కాల్చడం ‘శిక్ష’ అనేవాళ్ళు ఎవరో, ‘ఘాతుకం’ అనేవాళ్ళు ఎవరో వాళ్ళ పేర్లతోనే ఆ కింద రాసుకోవచ్చు.

ఒకసారి దోర్నాల పైన చెంచుగూడేనికి వెళ్ళాను. ఒక పెద్దామె కొడుకుని ఎవరో చావబాదారని తెలిసి. “ఎవరమ్మా కొట్టింది?” అన్నాను. “రాత్రి అడివిలోవాళ్ళు వచ్చి అన్నం వండమన్నారు, వండా. పొద్దున టోపీలవాళ్ళు వచ్చి రాత్రి ఎవురికి వండావని మావాణ్ణి కొట్టారు. మళ్ళీ మూడోనాడు అడివిలోవాళ్ళు వచ్చి టోపీలవాళ్ళకేం చెప్పావని మావాణ్ణే కొట్టారు. రాసుకో” అంది. ఇంకో గిన్నెలో గెంజి పోసి నాకూ ఇచ్చింది, నేను ఏ పక్షమో అడక్కుండా.

రాసుకున్నాను. ఉన్నదున్నట్టు పూర్తిగా రాసి బస్సుకి ఇచ్చాను. మర్నాడు జిల్లా పేజీలో అడుగున, ఒక్క మూలన వచ్చింది: ‘గిరిజనుడికి గాయాలు’. అంతే. కొట్టినవాళ్ళెవరూ లేరు, కాలు జారి పడ్డాడన్నట్టు. స్టేషన్ నుంచి ఫోను రాలేదు, అడవి నుంచి కబురు రాలేదు. డెస్కువాళ్ళు మెచ్చుకున్నారు కూడా.

ఆ హెడ్డింగులో ఉన్నది మీరేనా అండీ? మీరే అయితే ఒక్క మాట, ఆ పేపరు చదివించుకుని ఆ పెద్దామె మళ్ళీ నేను కనపడ్డప్పుడు అడిగింది, “మావాడు ఎట్టా పడ్డాడని రాశావు నాయనా?” అని. ఆమెకేం చెప్పమంటారో జవాబు రాయండి. కవరు ఒంగోలు బస్సులో వేస్తే చాలు, స్టాండులోనే ఉంటా.

ఇట్లు,
మూడు సెంటీమీటర్ల మాజీ విలేకరి,
మార్కాపురం