మా లెక్కలు మీరే చూస్తారట గదా, బటన్ గారూ

బిల్లింగ్ యాప్‌లో కుడివైపు మూలన పచ్చగా మెరిసే ‘మీ లెక్కలు మేం చూసుకుంటాం’ బటన్ గారికి,

నల్గొండ గడియారం సెంటర్ దగ్గర పైపులు, బోరు మోటార్ సామాన్లు అమ్ముకునేవాణ్ని, నమస్కారం. బిల్లు కొట్టే యాప్‌లోనే లెక్కలు రాసే మనిషీ దొరుకుతాడంటే సంతోషించాను, అబద్ధమెందుకు. రాత్రి షట్టర్ దించాక అవే బిల్లులు మళ్లీ ఇంకో దాంట్లో ఎక్కించే గోస తప్పింది. అంతవరకు మీ పుణ్యమే.

కానీ ఆ మనిషి ఎవరండీ? చాట్‌లో పేరు వారానికొకటి మారుతుంది. ఆయన మీ కంపెనీ మనిషే కాదట, మీరు పనిని ఇంకో అకౌంటింగ్ సంస్థకు అప్పజెప్పి, పైన మీ రంగూ మీ లోగో వేసి, మా దగ్గర నెలనెలా వసూలు చేసి వాళ్లకు కొంత పంచుతారట. ఈ ముచ్చట నిబంధనల్లో అడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది.

బ్యాంకు ఖాతా మీకే కలిపాం కాబట్టి ప్రతి పద్దూ మీకు కనబడుతుంది. కనబడి ఏం లాభం? దేవరకొండ వైపు రైతు ఒకాయన వానాకాలంలో పైపులు ఉద్దెరకు పట్టుకుపోయి, పత్తి అమ్ముడుపోయాక అల్లుడి ఫోన్ నుంచి 12,000 కొట్టించాడు. అల్లుడి పేరు మా బిల్లుల్లో ఎక్కడుంటుంది! మీ మనిషి ఆ డబ్బును ఎవరిదో తేలని పద్దులు పెట్టే సస్పెన్స్ ఖాతాలో పడేసి, ‘డియర్ పార్ట్‌నర్, దయచేసి ఈ లావాదేవీ స్వభావం తెలపండి’ అని రాశాడు. స్వభావానికేం సారూ, మంచోడే, కాకపోతే ఆలస్యంగా ఇస్తాడు. చెర్వుగట్టు జాతర చందాను ‘మార్కెటింగ్ ఖర్చు’ చేశారు. మా ఆవిడ కట్టే చిట్టీ ‘సరఫరాదారుకు చెల్లింపు’ అయింది, ఆ సరఫరాదారు బిల్లు అప్‌లోడ్ చేయమని రోజూ నోటిఫికేషన్. చిట్టీ నడిపే అక్కను జీఎస్టీ బిల్లు అడిగే ధైర్యం మీకుంటే చెప్పండి, నంబరిస్తాను.

జీఎస్టీ అంటే గుర్తొచ్చింది. నెలనెలా రిటర్న్ వేసేవాళ్లకు అమ్మకాల బిల్లులు చూపే జీఎస్టీఆర్-1 గడువు 11, పన్ను కట్టే 3బీ గడువు 20. సప్లయర్ తన రిటర్న్‌లో మా బిల్లు ఎక్కించకపోతే మా కొనుగోళ్ల పన్ను చూపుతూ 14న వచ్చే 2బీ పట్టీలో అది కనబడదు, పైపుల మీద మేం కట్టిన 18 శాతం పన్ను ఆ నెలకు క్రెడిట్ కాదు, అంటే మేం కట్టాల్సిన దాంట్లోంచి తగ్గదు. మీకంటే ముందు మా లెక్కలు చూసిన అకౌంటెంట్ అన్న పదో తారీఖే రాణిగంజ్‌లోని సప్లయర్‌కు ఫోన్ కొట్టి, ‘మా సేటు బిల్లులు ఎక్కించినవా లేదా’ అని నాలుగు తిట్టి ఎక్కించేవాడు. మీరేమో 15న నాకు ఎర్ర గుర్తు చూపించి ‘కొన్ని ఇన్వాయిస్‌లు సరిపోలలేదు’ అని ఊరుకుంటారు. తిట్టే ఫీచర్ ఏ ప్లాన్‌లో వస్తుందండీ?

ఇక 20న, దుకాణం నిండా గిరాకీ ఉన్నప్పుడే మీ మనిషికి ఓటీపీ కావాలి. నేను చూసేసరికి ఆయన డ్యూటీ దిగిపోయి ఉంటాడు. ఆలస్యమైతే రోజుకు 50 రూపాయల లేటు ఫీజు, కట్టని పన్ను మీద ఏడాదికి 18 శాతం వడ్డీ. రిజిస్ట్రేషన్ నా పేరున ఉంది కాబట్టి పోర్టల్ నా మెడ మీదే కూర్చుంటుంది. దాని లెక్కలో మీరూ లేరు, మీ మనిషీ లేడు. ‘మీ దుకాణానికి లోన్ రెడీ’ అనే కార్డు మాత్రం గల్లా ఖాళీ అయిన రోజే టంచనుగా వస్తుంది. పద్దులు అర్థం కానివాళ్లకు అదొక్కటి ఎట్లా అర్థమవుతుందో!

ఇంకో భయం. వాంకోవర్‌లోని బెంచ్ అనే కంపెనీ అమెరికాలో వేల చిన్న వ్యాపారాల లెక్కలు తన సొంత సాఫ్ట్‌వేర్‌లోనే రాసేది. 2024 డిసెంబర్ 27న, సరిగ్గా ట్యాక్స్ సీజన్ ముందు, ఉన్నట్టుండి మూసేస్తున్నామంది. కొద్ది రోజుల్లోనే ఇంకో కంపెనీ కొనుక్కుంది కాబట్టి ఆ వ్యాపారులు బతికిపోయారు. మీరు షట్టర్ దించితే మా ఉద్దెర ఖాతాలను ఎవరు కొంటారు?

మిమ్మల్ని తీసేయమనను. మా అకౌంటెంట్ అన్నకు ఇదే యాప్‌లో ఒక లాగిన్ ఇవ్వండి, మీ మనిషి ఎంట్రీలు కొట్టాక ఆయన చూసి సరే అంటేనే రిటర్న్ వెళ్లాలి. మొత్తం పద్దులు ఎక్సెల్‌లోకి దించుకునే దారి పెట్టండి. మీ ఆలస్యానికి పడ్డ లేటు ఫీజు మీరే కట్టండి, ఇది మాత్రం రాతపూర్వకంగా కావాలి.

జవాబు చాట్‌లో వద్దు, ఫోన్ చేయండి. మధ్యాహ్నం రెండింటి నుంచి మూడింటి దాకా గిరాకీ ఉండదు.

ఇట్లు,
మీ ‘డియర్ పార్ట్‌నర్’