“ఫోటో పంపితే కొత్త పురుగుకు మీ పేరు” అన్న మెసేజ్‌లో తప్పులెన్ని?

తొలకరి పడగానే పురుగులతో పాటు ఒక మెసేజ్ కూడా ఫోన్లలో తిరుగుతుంది. దాని సారాంశం ఇది: “మీ చేనులో ఇంతకు ముందు చూడని పురుగు కనిపిస్తే అది కొత్త జాతే. ఫోటో తీసి యాప్‌లో పెట్టండి. యాప్ గుర్తుపట్టలేదంటే ఇక ఖాయం. డీఎన్ఏ పరీక్ష చేయిస్తే వారంలో తేలిపోతుంది. పురుగును చంపాల్సిన పనే లేదు. దానికి మీ పేరే పెడతారు. శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి నాన్చేది ఆ పేరు తాము కొట్టేయడానికే.”

పిల్లలు పురుగుల వైపు చూడాలన్న కోరిక ఇందులో ఉంది, అది మంచిదే. కానీ దీన్ని నమ్మి నడిస్తే నిజంగా కొత్తదైన పురుగు కూడా చేజారిపోతుంది. అందుకే ఒక్కో మాటా తీసుకుని చూడాలి.

“చూడని పురుగు కొత్త జాతే”

కొత్త అన్న మాటకు ఇక్కడ మూడు అర్థాలున్నాయి. మనకు కొత్త, మన ప్రాంతానికి కొత్త, శాస్త్రానికే కొత్త. మెసేజ్ ఈ మూడింటినీ కలిపేసింది. మొక్కజొన్నను తినేసిన కత్తెర పురుగునే తీసుకోండి. అది మన దేశంలో మొదట బయటపడింది 2018 మే నెలలో, కర్ణాటకలోని శివమొగ్గలో. తర్వాత మన చేలకూ వచ్చింది. కొత్త పురుగు వచ్చిందని అందరూ అన్నారు. రైతుకు అది కొత్తే. కానీ స్పోడోప్టెరా ఫ్రుగిపెర్డా అనే ఆ జాతిని జె.ఇ. స్మిత్ అనే శాస్త్రవేత్త 1797లోనే వర్ణించాడు. 2021లో మిరప పూతను నాశనం చేసిన నల్ల తామర పురుగు, త్రిప్స్ పార్విస్పైనస్, కూడా అంతే. కార్నీ అనే శాస్త్రవేత్త దానికి పేరు పెట్టింది 1922లో.

పురుగు వేషం మార్చుకోవడం ఇంకో చిక్కు. చీనీ తోటల్లో, కరివేపాకు చెట్ల చుట్టూ తిరిగే పాపిలియో పాలిటెస్ సీతాకోకచిలుకలో ఆడవి మూడు రూపాల్లో ఉంటాయి. ఒకటి అచ్చం మగదానిలాగే ఉంటుంది. మిగతా రెండూ పక్షులకు రుచించని వేరే జాతుల సీతాకోకచిలుకలను అనుకరిస్తాయి. మూడింటినీ పక్కపక్కన పెడితే ఒకే జాతి అంటే ఎవరూ నమ్మరు. దాని గొంగళి పురుగు చిన్నప్పుడు పక్షి రెట్టలా కనిపిస్తుంది, పెద్దయ్యాక ఆకుపచ్చగా మారుతుంది. పేడ పురుగుల్లోనూ చాలా జాతుల్లో మగదానికి కొమ్ము ఉంటుంది, ఆడదానికి ఉండదు. సరిగా మేత దొరకని మగదానికి కొమ్ము మొలక మాత్రమే ఉంటుంది. ఒకే పురుగును చూసి కొత్తదనేస్తే ఆడదానికో పేరు, మగదానికో పేరు పెట్టినట్టవుతుంది. పూర్వం ఇలాంటి పొరపాట్లు చాలానే జరిగాయి. ఒకే జాతికి పడిన రెండో పేరును కొట్టేయడం ఈ శాస్త్రంలో ఇప్పటికీ నిత్యం జరిగే పనే.

అన్నిటికన్నా ముందు కాళ్లు లెక్కపెట్టాలి. కీటకానికి ఆరు కాళ్లు, మూడు భాగాల శరీరం, ఒక జత మీసాలు ఉంటాయి. మొదటి వానకు ఎర్ర మఖమల్‌లా నేల మీద పాకే ఆరుద్ర పురుగుకు ఎనిమిది కాళ్లు. అది కీటకం కాదు, నల్లి జాతి. దాని పిల్లకు మాత్రం ఆరే కాళ్లుంటాయి కాబట్టి అక్కడ జాగ్రత్తగా చూడాలి.

“యాప్ గుర్తుపట్టలేదంటే ఖాయం”

యాప్‌కు తెలిసింది దానికి నేర్పిన ఫోటోలే. ప్రపంచంలో ఇప్పటికి వర్ణించిన కీటక జాతులు దాదాపు పది లక్షలు. వాటిలో చాలావాటికి బతికున్నప్పటి ఫోటో ఒక్కటి కూడా లేదు. కాబట్టి యాప్ పేరు చెప్పలేకపోతే దాని దగ్గర ఆ జాతి ఫోటోలు లేవని మాత్రమే తేలుతుంది. అది ధీమాగా పేరు చెప్పినప్పుడు ప్రమాదం ఇంకా ఎక్కువ. దగ్గరి పోలిక ఉన్న ఏదో ఒక పేరు చూపిస్తుంది, నిజంగా కొత్తదైనది పాతదాని కిందే పడిపోతుంది.

అసలు తేడాలు ఫోటోలో పడేవే కావు. తామర పురుగు పొడవు ఒక మిల్లీమీటరు చుట్టూ. దాని మీసంలో కణుపులెన్ని, తల మీద చిన్న కళ్ల దగ్గర వెంట్రుకలు ఎక్కడున్నాయి, రెక్క ఈనె మీద వెంట్రుకల వరస తెగిందా లేదా అన్నవి చూడాలి. ఆ పురుగును పారదర్శకం చేసి, గాజు పలక మీద అతికించి, 400 రెట్ల దాకా పెద్దది చేస్తే తప్ప ఇవి స్పష్టంగా కనిపించవు. రెక్కల పురుగుల్లో, పెంకు పురుగుల్లో చాలా జాతులను వేరు చేసేది మగదాని జననాంగాల ఆకారమే. పొట్ట చివరి భాగాన్ని తీసి, పది శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో కొద్ది నిమిషాలు వెచ్చగా ఉంచాలి, లేదా మామూలు వేడిమిలో ఒక రాత్రి. కండ కరిగి గట్టి భాగాలు మిగులుతాయి. నీళ్లలో కడిగి, గ్లిజరిన్ చుక్కలో పెట్టి సూక్ష్మదర్శిని కింద విప్పుతారు. ద్రావణంలో ఎక్కువసేపు వదిలేస్తే చూడాల్సిన ముక్క కూడా మెత్తబడి రంగు పోతుంది. పని అయ్యాక ఆ ముక్కను గ్లిజరిన్ పోసిన చిన్న గొట్టంలో పెట్టి, ఆ గొట్టాన్ని అదే పురుగు ఉన్న సూదికి గుచ్చుతారు. అది వేరైపోతే ఏ పురుగుదో చెప్పే దారి ఉండదు.

ఫోటోల ఆధారంగా జాతిని వర్ణించిన సందర్భం లేదనడం లేదు. 2015లో దక్షిణాఫ్రికాకు చెందిన ఒక ఈగకు నమూనా లేకుండా ఫోటోలతోనే మార్లీమయియా జైలోకోపే అని పేరు పెట్టారు. దాని మీద శాస్త్రవేత్తల మధ్య పెద్ద వాదమే నడిచింది. దాన్ని మినహాయింపుగా చూడాలి, దారిగా చూడకూడదు.

“డీఎన్ఏ పరీక్షతో వారంలో తేలిపోతుంది”

సాధారణంగా చదివేది కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియా అనే భాగంలోని ఒక జన్యువులో 658 అక్షరాల ముక్క. ఉపయోగం చాలా ఉంది. పత్తిలో తెల్లదోమ అని మనం పిలిచేది కంటికి తేడా తెలియని అనేక జాతుల గుంపు, వాటిని వేరు చేయడానికి ఈ ముక్కే ఆధారం. గొంగళి పురుగు ఏ రెక్కల పురుగుదో తేల్చడానికీ పనికొస్తుంది.

కానీ ఆ ముక్కను పోల్చడానికి అవతల పాత జాతుల ముక్కలు ఉండాలి కదా? లేనప్పుడు ఫలితం ‘సరిపోలలేదు’ అని వస్తుంది. యాప్ విషయంలో చెప్పిందే ఇక్కడా వర్తిస్తుంది. రెండు మూడు శాతం తేడా ఉంటే వేరే జాతి అనే లెక్క అన్ని గుంపులకూ కుదరదు. వోల్బాకియా అనే సూక్ష్మజీవి సోకిన కీటకాల్లో మైటోకాండ్రియా డీఎన్ఏ జాతి చరిత్రను తప్పుగా చూపించవచ్చు. గొంగళి పురుగు లోపల పరాన్నజీవి కందిరీగ పిల్ల ఉంటే వచ్చేది దాని డీఎన్ఏ కావచ్చు. డీఎన్ఏ ఒక సాక్ష్యం, అంతే. తీర్పుకు ఇంకా సాక్షులు కావాలి.

“మీ పేరే పెడతారు, నాన్చేది కొట్టేయడానికే”

పేరు పెట్టే హక్కు పురుగును పట్టుకున్నవారిది కాదు, దాన్ని వర్ణించి ప్రచురించినవారిది. పట్టిచ్చినవారి గౌరవార్థం వారి పేరు పెట్టడం మంచి ఆచారమే. పురుషుడైతే చివర ‘ఇ’, స్త్రీ అయితే ‘ఏ’ చేరుస్తారు. తన పేరు తానే పెట్టుకోవడాన్ని నియమావళి నిషేధించలేదు గానీ ఈ రంగంలో దాన్ని ఎవరూ హర్షించరు.

జంతువుల పేర్లకు అంతర్జాతీయ నియమావళి ఉంది. పేర్ల లెక్క స్వీడన్ శాస్త్రవేత్త లినేయస్ 1758 గ్రంథం నుంచి మొదలవుతుంది. 2000 నుంచి ఏ కొత్త జాతికైనా టైప్ నమూనాను, అంటే ఆ పేరుకు శాశ్వత ఆధారమైనదాన్ని (మామూలుగా హోలోటైప్ అనే ఒక్క నమూనాను), స్పష్టంగా చూపాలి. అది ఏ సంగ్రహాలయంలో ఉంటుందో చెప్పాలి. మిగతా జాతులకూ దీనికీ తేడా ఏమిటో రాయాలి. 2012 నుంచి ఇంటర్నెట్‌లో మాత్రమే వెలువడే ప్రచురణకు జూబ్యాంక్ అనే జంతువుల పేర్ల అధికారిక పట్టికలో నమోదు తప్పనిసరి. వాట్సాప్‌లో పెట్టిన పేరుకు ఏ విలువా లేదు.

ఆలస్యం నిజమే. తొలి నమూనా దొరికిన నాటి నుంచి వర్ణన వెలువడేదాకా సగటున 21 ఏళ్లు పడుతోందని 2012లో ఒక అధ్యయనం లెక్కకట్టింది. కారణం కుట్ర కాదు. మన దక్షిణాది పురుగుల పాత టైప్ నమూనాలు చాలావరకు లండన్‌లోనో కోల్‌కతాలోనో ఉన్నాయి, వాటితో పోల్చకుండా కొత్తదని అనలేం. ఒక్కో గుంపుకు నిపుణులు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. పైగా చాలాసార్లు ఆడదో మగదో ఒక్కటే ఉంటుంది, రెండోదాని కోసం ఎదురుచూడాలి.

“చంపాల్సిన పనే లేదు”

ఎక్కువ నష్టం చేసేది ఈ మాటే. నమూనా లేకపోతే పైన చెప్పిన పరీక్షల్లో ఏ ఒక్కటీ జరగదు. నమూనా ఉండి లేబుల్ సరిగా లేకపోతే ఏమవుతుందో తెలియాలంటే గుత్తి కథ చూడాలి. 1899లో పోకాక్ అనే శాస్త్రవేత్త గుత్తిలో రైల్వే కట్టెల దగ్గర దొరికిన ఒక్క నమూనాతో ఒక నీలి రంగు సాలీడును వర్ణించాడు. పేరు పోయిసిలోథీరియా మెటాలికా. (ఇదీ ఎనిమిది కాళ్లదే, కీటకం కాదు.) ఆ తర్వాత 102 ఏళ్లు అది ఎవరికీ దొరకలేదు. 2001లో సుమారు వంద కిలోమీటర్ల దూరంలో, నంద్యాలకు గిద్దలూరుకు మధ్య అడవిలో దొరికింది. అప్పట్లో అది కట్టెలతో పాటు రైల్లో గుత్తికి వచ్చి ఉంటుందని అంచనా. లేబుల్ మీద ఊరి పేరు ఉంది, అది ఏ చెట్టు మీద, ఏ అడవిలో బతుకుతుందో లేదు.

ఊరి పేర్లు, జిల్లాలు కూడా మారుతాయి. 2022 ఏప్రిల్ 4కు ముందు కర్నూలు జిల్లా అని రాసిన అహోబిలం నమూనా ఇప్పుడు నంద్యాల జిల్లాది. అందుకే ఫోన్ చూపించే అక్షాంశ రేఖాంశాలను దశాంశం తర్వాత నాలుగు అంకెల దాకా రాయాలి. అప్పుడు చోటు దాదాపు పదకొండు మీటర్ల తేడాలో తెలుస్తుంది. తేదీ, ఏ మొక్క మీద, ఏ పద్ధతిలో పట్టారు, ఎవరు పట్టారు అన్నవీ ఉండాలి. పెన్సిల్‌తో రాసి సీసా లోపలే వేయాలి. బాల్ పెన్ సిరా ఆల్కహాల్‌లో కరిగిపోతుంది. సీసా మీద అతికించిన కాగితం ఊడిపోతుంది.

ఒకటి కాదు, వీలైతే అయిదారు పట్టండి, ఆడా మగా రెండూ. రాత్రంతా ఫ్రీజర్‌లో పెడితే చాలు, విషం అక్కర్లేదు. రెండింటిని 95 శాతం ఆల్కహాల్‌లో వేసి చల్లగా ఉంచండి, డీఎన్ఏకు పనికొస్తాయి. ఫార్మలిన్ వద్దు, డీఎన్ఏ పాడవుతుంది. గొంగళి పురుగును నేరుగా ఆల్కహాల్‌లో వేస్తే నల్లబడుతుంది. మరిగి దించిన నీళ్లలో ఒక నిమిషం ఉంచి, తర్వాత 70 శాతం ఆల్కహాల్‌లోకి మార్చాలి. సీతాకోకచిలుకలను, రెక్కల పురుగులను ఆల్కహాల్‌లో వేయొద్దు, పొలుసులు రాలిపోతాయి. కాగితాన్ని మూడు మూలలుగా మడిచి అందులో పెట్టాలి. పెంకు పురుగుకు సూది కుడి రెక్క పెంకులోంచి దిగాలి, నడిమధ్యలోంచి కాదు. అప్పుడు ఎడమవైపు పూర్తిగా చెక్కుచెదరకుండా ఉంటుంది. మామూలు గుండుసూది తుప్పు పడుతుంది, 38 మిల్లీమీటర్ల స్టెయిన్‌లెస్ స్టీల్ కీటక సూది వాడాలి. సూది గుచ్చేంత పరిమాణం లేని పురుగును కాగితపు ముక్కోణం కొనకు జిగురుతో అంటిస్తారు. పురుగులను ఆరబెట్టిన బల్ల కాళ్లను నీళ్ల గిన్నెల్లో పెట్టకపోతే తెల్లారేసరికి చీమలు పొట్టు మాత్రమే మిగులుస్తాయి.

వన్యప్రాణి చట్టం రక్షించే జాతులను తప్పిస్తే మీ చేనులో పట్టుకోవడానికి సాధారణంగా అభ్యంతరం లేదు. లంకమల, నల్లమల అభయారణ్యాల్లో మాత్రం పురుగును పట్టాలన్నా అటవీ శాఖ అనుమతి కావాలి. నిజంగా కొత్త జాతి అని తేలితే జీవవైవిధ్య చట్టం 2002లోని 39వ సెక్షన్ ప్రకారం దాన్ని నిర్ణీత సంస్థకు తెలియజేసి నమూనాను అక్కడ అప్పగించాలి. జంతువులకు ఆ సంస్థ భారత జంతుశాస్త్ర సర్వేక్షణ. పంట పురుగులైతే బెంగళూరులోని జాతీయ వ్యవసాయ కీటక వనరుల బ్యూరోను అడగవచ్చు. పోస్టులో పంపేటప్పుడు సీసాలోని ఆల్కహాల్‌ను వంపేయండి, మండే ద్రవాలను పోస్టులో పంపకూడదు. ఆల్కహాల్‌తో కాస్త తడిసిన దూది ముక్క పురుగుకు ఆనేలా పెట్టి, లేబుల్ లోపలే ఉందో లేదో ఇంకోసారి చూసుకుని మూత బిగించండి.