మౌనం అర్ధాంగీకారం, ఓటు పూర్ణాంగీకారం

సంస్థాగత మదుపరుల మీద లోకంలో ఒక నీలాపనింద ఉంది. పెన్షన్ ఫండ్లు, బీమా సంస్థలు, మ్యూచువల్ ఫండ్లు కోట్లాది మంది పొదుపు సొమ్మును తెచ్చి కంపెనీల్లో పోసి, ఆ కంపెనీలను ఎవరు ఎలా నడుపుతున్నారో పట్టించుకోకుండా కూర్చుంటాయన్నది ఆ నింద. ఇది అన్యాయం. పట్టించుకోకుండా కూర్చోవడం ఎంత శ్రమతో కూడిన పనో, దానికి ఎంత సిబ్బంది, ఎన్ని విధాన పత్రాలు, ఎన్ని వార్షిక నివేదికలు కావాలో తెలియనివారే అలా మాట్లాడతారు. ఆ శ్రమకు దక్కవలసిన గౌరవం ఇన్నాళ్లకైనా దక్కాలన్నదే నా తాపత్రయం.

పెద్ద కంపెనీల్లో సొత్తు ఒకరిది, పెత్తనం మరొకరిదిగా మారిపోయిందని 1932లోనే బెర్లీ, మీన్స్ అనే ఇద్దరు అమెరికన్ పండితులు మొత్తుకున్నారు. వాటాదారులు వేలల్లో చెదిరిపోయి ఉన్నారు, ఒక్కొక్కరి వాటా పిసరంత, అడిగేందుకు అయ్యే ఖర్చు అడిగితే వచ్చే లాభం కన్నా ఎక్కువ, కాబట్టి మేనేజర్లను అడిగే నాథుడు లేడన్నది వారి వాదనలోని సారం. తరవాతి కాలంలో పెద్ద పెద్ద ఫండ్లు పుట్టి, చెదిరిన వాటాలను ఒకచోటికి చేర్చినప్పుడు, ఇక అడిగేవాళ్లు వచ్చారని అందరూ సంతోషించారు. వచ్చినమాట నిజమే. ఒకప్పుడు లక్షమంది ఎవరికి వారు విడివిడిగా పాటించిన మౌనాన్ని ఇప్పుడు పది సంస్థలు వృత్తి నైపుణ్యంతో పాటిస్తున్నాయి. దీన్ని పురోగతి కాదనడం ఎలా?

ఈ మౌనం ఏ నేలలో బాగా పండుతుందో పరిశోధకులు శ్రద్ధగా కొలిచారు. బోర్డులో స్వతంత్ర డైరెక్టర్లు ఎందరు, ఛైర్మన్ కుర్చీలోనూ సీఈఓ కుర్చీలోనూ కూర్చున్నది ఒక్కరేనా, ఆడిట్ చేసేది ఎంత పేరున్న సంస్థ, అప్పు ఎంత, డివిడెండ్ ఎంత అని పట్టికలు వేసి, వాటి పక్కన సంస్థాగత మదుపరుల వాటా శాతం రాసి చూశారు. చాలా అధ్యయనాల్లో తేలిందేమిటంటే, కంపెనీ పెద్దదై, లెక్కలు శుభ్రంగా ఉండి, షేర్లు చిటికెలో అమ్ముడుపోయేలా ఉన్నచోట ఫండ్లు గుంపుగా చేరతాయి. జబ్బు లేనివాళ్ల ఇంటి చుట్టూ వైద్యులు తిరుగుతున్నారన్నమాట. వైద్యులు వచ్చాక ఆరోగ్యం కుదిరిందా, ఆరోగ్యం చూసి వైద్యులు వచ్చారా అన్న మీమాంస విత్తు ముందా చెట్టు ముందా అన్నంత పాతబడినా, దాని మీద ఇంకా పరిశోధనా పత్రాలు వెలువడుతూనే ఉన్నాయి. నన్నడిగితే, అసలు రహస్యం షేర్లు చిటికెలో అమ్ముడుపోవడమన్న ఆ చివరి లక్షణంలోనే ఉంది. పెళ్లిచూపులకు వచ్చినవాడు ముందుగా విడాకుల నిబంధనల గురించి ఆరా తీస్తే, అతని ప్రేమ ఎంత గాఢమైనదో ఊహించుకోవచ్చు.

ఇక కంపెనీ ఆర్థిక పరిస్థితికీ పాలనకూ ఉన్న సంబంధం చాలా సరళమైనది. లాభం వస్తున్నంత కాలం పాలన బాగున్నట్టే. సీఈఓ ఎవరినీ అడగకుండా నిర్ణయాలు తీసుకుంటే, షేరు పెరుగుతున్నప్పుడు దాన్ని దార్శనికత అంటారు. పడుతున్నప్పుడు నియంతృత్వం అంటారు. అప్పు పైకెక్కితే మొదట అది విస్తరణ, తరవాత దుస్సాహసం. బొక్కసంలో నగదు పేరుకుంటే ముందు క్రమశిక్షణ, ఆపైన పోగుపడిన సొమ్ము మేనేజర్ల చేత పిచ్చి పనులు చేయిస్తుందని 1986లోనే ఆర్థికవేత్త మైకేల్ జెన్సెన్ హెచ్చరించాడు కదా అని గుర్తు చేసుకోవడం. ప్రమోటరు బావమరిది కంపెనీకి కాంట్రాక్టు ఇచ్చినా అంతే: మంచి రోజుల్లో అది కుటుంబ సమన్వయం. బావమరిది మారలేదు, కాంట్రాక్టూ మారలేదు, గ్రాఫు ఒక్కటే వంగింది.

ఈ సరళ సంబంధాన్ని కళ్లారా కాకపోయినా చెవులారా గ్రహించాలంటే, ఫలితాలు ప్రకటించాక మూడు నెలలకోసారి జరిగే కాన్ఫరెన్స్ కాల్ ఒక్కటి వినాలి. ప్రశ్న అడగదలచినవారు మీట నొక్కి వరసలో ఉండండని ఒక మృదువైన కంఠం చెబుతుంది. మొదటి ప్రశ్నకర్త ముందుగా మంచి ఫలితాలకు అభినందనలు చెబుతాడు. రెండోవాడూ చెబుతాడు. ఫలితాలు బాగా లేనప్పుడు, ఇంత క్లిష్ట పరిస్థితుల్లోనూ నిలదొక్కుకున్నందుకు అభినందనలు చెబుతారు. వచ్చే ఏడాది మార్జిన్ ఎంత ఉండవచ్చో అడుగుతారు, ఆ అంకెను తమ పట్టికలో రాసుకుంటారు. అమ్మకాలు పెరుగుతున్నా కస్టమర్ల నుంచి రావలసిన బాకీలు అంతకు రెట్టింపు వేగంతో ఎందుకు పెరుగుతున్నాయని ఎవడైనా అడిగితే, ఆ వివరాలు విడిగా మాట్లాడుకుందామని సమాధానం వస్తుంది. అతని లైను మ్యూట్ అవుతుంది. తరవాతి ప్రశ్నకర్త అభినందనలతో మొదలుపెడతాడు.

అప్పుడప్పుడు ఈ మర్యాదకు భంగం కలుగుతుంది. 2001 ఏప్రిల్‌లో అమెరికా ఇంధన కంపెనీ ఎన్రాన్ కాల్‌లో ఒక హెడ్జ్ ఫండ్ ప్రతినిధి, ఫలితాలతో పాటు బ్యాలెన్స్ షీటు గానీ నగదు ప్రవాహాల పట్టిక గానీ చూపలేని ఆర్థిక సంస్థ మీదొక్కటేనని అన్నాడు. సీఈఓ జెఫ్రీ స్కిల్లింగ్ అతనికి కృతజ్ఞతలు చెప్పి, అందరూ వింటుండగానే చివర ఒక బూతుమాట జోడించాడు. గమనించవలసింది బూతును కాదు. ఆ అడిగినవాడి ఫండ్ ఎన్రాన్ షేరు పడిపోతుందని పందెం కాసినది. షేర్లు దాచుకున్న పెద్ద ఫండ్లకు బ్యాలెన్స్ షీటు చూడాలన్న ఆత్రం లేదు, పడిపోవాలని కోరుకున్నవాడికే ఉంది. అలాగని పాలనాపరంగా ఎన్రాన్‌కు ఏ లోటూ లేదు. ఆడిట్ కమిటీకి అధ్యక్షుడు సాక్షాత్తూ స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో అకౌంటింగ్ బోధించిన ఆచార్యుడు. అదే ఏడాది డిసెంబరు 2న కంపెనీ దివాలా పిటిషన్ వేసింది.

పాలన నచ్చకపోతే షేర్లు అమ్ముకుని వెళ్లిపో, గొడవ పడకు అన్నది వాల్ స్ట్రీట్‌లో పాత సూత్రం. స్టాక్ మార్కెట్ సూచీలో ఉన్న కంపెనీలన్నింటినీ కొనే ఇండెక్స్ ఫండ్లకు పాపం ఆ భాగ్యమూ లేదు. సూచీలో కంపెనీ ఉన్నంత కాలం, అది నచ్చినా నచ్చకపోయినా, అందులో షేరు ఉండాల్సిందే. వెళ్లలేనివాడు నోరు విప్పక తప్పదు కాబట్టి ఇక వీళ్లే అసలైన కాపలాదారులవుతారని సిద్ధాంతకర్తలు ఆశపడ్డారు. ఇలాంటి సంస్థల్లో అతి పెద్దవాటికి ఏడాదిలో పది వేలకు పైగా వాటాదారుల సమావేశాల్లో ఓటు వేయాల్సిన పని ఉంటుంది. ఆ పని చూసే బృందాన్ని పదుల్లో లెక్కపెట్టవచ్చు. పైగా సమావేశాలన్నీ ఏడాదిలో రెండు మూడు నెలల్లోనే ముసురుకుంటాయి. అప్పుడు ఓటు ఎటు వేయాలో చెప్పే ఐఎస్ఎస్ వంటి ప్రాక్సీ సలహా సంస్థల నివేదిక ఉండనే ఉంటుంది, దాన్ని చూసి టిక్కు పెట్టవచ్చు. ఆలోచనను సైతం అవుట్‌సోర్స్ చేయడం ఖర్చు తగ్గించే చర్యే కదా.

బ్రిటన్‌లో 2008 సంక్షోభం తరవాత, బ్యాంకుల యజమానులైన మదుపు సంస్థలు నిద్రపోయాయన్న విమర్శ వచ్చినప్పుడు, 2010లో స్టూవర్డ్‌షిప్ కోడ్ తెచ్చారు. కాపలా కాస్తున్నామని రాసివ్వాలన్నారు, మదుపు సంస్థలు చక్కగా రాసిచ్చాయి. 2018లో దాన్ని సమీక్షించిన సర్ జాన్ కింగ్‌మన్, ఈ కోడ్ మూస రాతలకే పనికొస్తుంటే రద్దు చేసే సంగతి గట్టిగా ఆలోచించాలన్నాడు. మూస రాతను అంత చులకన చేయడం తగదు. ఏటా అదే వాక్యాన్ని, ఒక్క క్రియ మార్చకుండా, కొత్త తేదీతో సంతకం చేయడంలో ఉన్న నిలకడ కంపెనీల లాభాల్లో కూడా లేదు.

వీళ్లు ఎప్పుడూ ఎదురు తిరగరని అనడమూ తప్పే. 2021లో ఇంజిన్ నంబర్ వన్ అనే బుల్లి ఫండ్, చమురు దిగ్గజం ఎక్సాన్ మొబిల్‌లో సుమారు 0.02 శాతం వాటాతో, ముగ్గురు కొత్త డైరెక్టర్లను బోర్డులోకి ఎక్కించింది. ఏనుగుల్లాంటి ఫండ్లు ఆ రోజు ఆ ఉడుతకు ఓటేశాయి కనుకనే అది సాధ్యమైంది. అంత వాటా చేతిలో పెట్టుకుని ఆ పేర్లు తామే ఎందుకు ప్రతిపాదించలేదని అడగకూడదు. ఏనుగు తొండమెత్తడానికి ముందు ఉడుత అనుమతి తీసుకోవడం వినయ లక్షణం.

అయితే వినయానికీ ఒక హద్దు ఉంటుందని, సంస్థాగత మదుపరులు నిజంగా గర్జించిన రోజు ఒకటి చరిత్రలో ఉందని ఒప్పుకోవాలి. సత్యం కంప్యూటర్స్ 2008లో కార్పొరేట్ పాలనకు గోల్డెన్ పీకాక్ పురస్కారం అందుకున్న కంపెనీ. దాని బోర్డులో హార్వర్డ్ ఆచార్యుడు ఉన్నాడు. ఆ ఏడాది డిసెంబరు 16న, ప్రమోటరు కుటుంబానికే చెందిన రెండు మేటాస్ కంపెనీలను సుమారు 160 కోట్ల డాలర్లకు కొంటామని ఆ బోర్డు ప్రకటించింది. ఫండ్లు భగ్గుమన్నాయి. న్యూయార్క్‌లో దాని షేరు ధర ఒక్కరోజులో సగానికి పైగా పడిపోయింది. తెల్లారేలోగా కంపెనీ ఆ ప్రతిపాదనను వెనక్కి తీసుకుంది. సంవత్సరాల తరబడి ఏ ఓటూ సాధించని ఘనత ఒక్క రాత్రిలో సాధ్యమైంది, వాటాదారుల నగదును బంధువుల పాలు కాకుండా కాపాడగలిగామని ఫండ్ మేనేజర్లు ఊపిరి పీల్చుకున్నారు. మూడు వారాలు గడిచాక, 2009 జనవరి 7న, పులి మీద స్వారీ చేస్తూ దిగడం ఎలాగో తెలియలేదంటూ ఛైర్మన్ రాసిన ఉత్తరం బయటికొచ్చింది. వాళ్లు అంత వీరోచితంగా కాపాడిన ఆ నగదులో 5,040 కోట్ల రూపాయలు అసలు లేనే లేవని అందులో రాసి ఉంది.