చారుగిన్నెలో ఫ్లోటు

అమెరికా వచ్చి, ఊరి బయట మూడెకరాల గడ్డినేల కొని, ఆ గడ్డి కొట్టడానికి పాత ఫోర్డ్ 8ఎన్ ట్రాక్టర్ కొన్న తెలుగువాడికి రెండు ఖాయం: గడ్డి పెరుగుతుంది, కార్బురేటర్ కారుతుంది. 1947 నుంచి 1952 దాకా ఈ బండ్లు ఐదు లక్షలకు పైగా తయారయ్యాయి. చాలావరకు ఇంకా చావలేదు. అదే అసలు సమస్య.

ఊరికి ఫోన్ చేసి సలహా అడగడం శుద్ధ దండగ. మన దగ్గర ట్రాక్టరంటే డీజిలే.

"బాబాయ్, ట్రాక్టర్ కార్బురేటర్ కారుతోంది."

"ట్రాక్టరుకి కార్బురేటరేంట్రా? సరిగ్గా చూసే కొన్నావా, ఎవడన్నా మోపెడ్ అంటగట్టాడా?"

"పెట్రోల్ ట్రాక్టర్ బాబాయ్."

"పెట్రోలు పోసి గడ్డి కోస్తున్నావా? మీ నాన్నకి తెలుసా?"

ఆ తర్వాత ఎయిర్ పట్టిందేమో, ఫిల్టర్ మీద బోల్టు వదులు చేసి ఎయిర్ తియ్యమంటాడు. డీజిల్ బండికైతే బంగారంలాంటి సలహా. ఇక్కడ పంపూ లేదు, ఇంజెక్టరూ లేదు. ట్యాంకు ఇంజన్ నెత్తిన ఉంటుంది, పెట్రోలు తన బరువుతో తనే కిందికి దిగుతుంది. దిగినదాన్ని ఆపేది, పెట్రోలుని గాలితో కలిపి ఇంజన్‌కి పంపే మార్వెల్ షెబ్లర్ టీఎస్ఎక్స్-241 కార్బురేటర్‌లో ఉండే చిన్న సూది ఒక్కటే. డాబా మీది నీళ్లట్యాంకులో బంతి వాల్వు చూశారుగా, అదే ఇది. కార్బురేటర్ అడుగు గిన్నె నిండితే అందులో తేలే ఫ్లోటు లేస్తుంది, సూదిని సీటులోకి, అంటే పెట్రోలు వచ్చే రంధ్రంలోకి, నెడుతుంది, పెట్రోలు ఆగుతుంది. ఆగకపోతే గిన్నె పొంగి, గాలి వచ్చే గొట్టం అడుగున ఉన్న చిల్లులోంచి బొట్టుబొట్టుగా నేల మీదికి. ఆ చిల్లు కంపెనీవాడు కావాలని పెట్టిందే. ఈ మాట గుర్తుపెట్టుకోండి. గుర్తుపెట్టుకోనివాళ్ల చేతులు ఈపాటికి రెండు రోజులుగా పెట్రోలు కంపు కొడుతుంటాయి.

సూది ఆపకపోవడానికి కారణాలు నాలుగు. నలక అడ్డం పడొచ్చు: సుత్తి చెక్కపిడితో గిన్నెను రెండు తట్లు తడితే ఒక్కోసారి అదే పోతుంది. పోయినా, ఆ నలక ఎక్కణ్నుంచి వచ్చిందో చూడాలి. జల్లెడలు మూడు ఉంటాయి, ట్యాంకు లోపల ఒకటి, దాని కింద మడ్డి దిగే సెడిమెంట్ బౌల్లో ఒకటి, కార్బురేటర్‌లోకి పోయే ఇత్తడి ఎల్బోలో ఒకటి. మూడోదాన్ని అందరూ మర్చిపోతారు. రెండో కారణం, సూది మొన అరిగి చుట్టూ గాడి పడటం. మూడోది, ఫ్లోటు ఎత్తు తప్పడం. నాలుగోది, ఫ్లోటుకే చిల్లు. ఇక్కడికి మళ్లీ వద్దాం.

విప్పడం గురించి రాయడానికేం లేదు. పెట్రోలు కట్టెయ్యాలి, గవర్నర్ కడ్డీ, చోక్ తీగ, రెండు బోల్టులు. చేతిలోకి వస్తుంది.

రిపేరు కిట్టు గురించి మాత్రం రాయాలి. అమ్మేవాడి వెబ్‌సైటు బండి నంబరు పదిహేడు అంకెలు వెయ్యందే ముందుకు పోనివ్వదు. 1950 నాటి ట్రాక్టరుకు పదిహేడెక్కడివి? సున్నాలు నింపి పంపితే కిట్టు వస్తుంది, అందులో నాలుగు మోడళ్లకు సరిపడా గాస్కెట్లు, సీటు కింద వేసే వాషర్లు రెండు, ఒకటి పల్చనిది, ఒకటి మందం. ఏది ఎక్కడో చెప్పే కాగితం ముక్క ఉండదు. వాషర్ మందం మారితే సీటు ఎత్తు మారుతుంది, దాంతో ఫ్లోటు ఎత్తూ మారుతుంది. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే ఆ పిల్ల "మీ కారు మోడల్ ఏంటండీ?" అని ఎంత మర్యాదగా అడుగుతుందో. పాత వాషర్ పారెయ్యకుండా కొత్తవాటి పక్కన పెట్టి పోల్చుకోవడమొక్కటే దారి. పారేసినవాళ్లు చెత్తబుట్ట బోర్లించుకోవాలి.

ఇప్పుడు ఫ్లోటు. రెండు ఇత్తడి డొల్ల గుళ్లు, మధ్యలో కమ్మీ. చెవి దగ్గర పెట్టుకుని కొబ్బరికాయ ఊపినట్టు ఊపాలి. గుడికి తీసుకెళ్లే కాయలో నీళ్లు చప్పుడైతే శుభం, ఇందులో అయితే అశుభం. పెట్రోలు లోపలికి దూరిందని అర్థం, అలాంటి ఫ్లోటు మునుగుతుందే గానీ తేలదు. చప్పుడు కాకపోయినా నమ్మకూడదు. బాగా కాగిన నీళ్లలో ముంచితే లోపలి గాలి వ్యాకోచించి, సూదిమొనంత చిల్లున్నా బుడగలు వస్తాయి. కాచేది నీళ్లను మాత్రమే, ఫ్లోటును కాదు. పొయ్యి ఇంట్లో, పరీక్ష బయట, ఫ్లోటు అంతకు ముందు ఒక పూటన్నా ఆరుబయట ఆరి ఉండాలి. ఇంత జాగ్రత్తగా రాసిన ఏ పుస్తకమూ ఆ నీళ్లు ఏ గిన్నెలో కాచాలో చెప్పదు.

ఏదో ఒక గిన్నె అంటారు మీరు. తెలుగింట్లో ఏదో ఒక గిన్నె అనేది ఉండదు. నాన్‌స్టిక్‌ది ముట్టుకుంటే గీత పడుతుంది. కుక్కర్ లోతు, బుడగ కనిపించదు. పాలగిన్నె పాలకే. మిగిలింది ఆరు నెలల వీసా మీద వచ్చిన అత్తగారు సూట్‌కేసులో చీరల మధ్య చుట్టి తెచ్చుకున్న స్టీలు చారుగిన్నె. ఫ్లోటు కోసమే పోతపోసినట్టుంటుంది. వెడల్పు సరి, లోతు సరి, అడుగు అద్దంలా మెరుస్తుంది కాబట్టి బుడగ పుడుతూనే కనిపిస్తుంది. అంచు మీద చుక్కలు చుక్కలుగా ఆవిడ పేరు, పెళ్లి తేదీ. ఆ తేదీ మీద వేలుపెట్టి గిన్నె పట్టుకుని, గ్యారేజీ బయట మోకాళ్ల మీద కూచుని, ఊపిరి బిగబట్టి చూస్తుంటే వెనక నుంచి,

"ఏంటి బాబూ, గుడ్లా?"

ఆవిడ గుడ్డు ముట్టరు.

"కాదండీ అత్తయ్యగారూ, ఇత్తడి."

ఆవిడ కాసేపు ఆ రెండు గుండ్రటి వస్తువులను చూశారు. "చింతపండుతో తోమితే తళతళలాడతాయి" అని వెళ్లిపోయారు.

బుడగలు రాలేదు. గిన్నెను రెండుసార్లు సబ్బుతో కడిగి దాని చోట దాన్ని పెట్టెయ్యడమే. రెండుసార్లు సరిపోదని ఆ రాత్రి చారులో తేలింది. ఆవిడ ముక్కు దగ్గర పెట్టుకుని, "ఈ దేశం ఇంగువ ఇంతే, ఇది ఇంగువ వాసనేనా?" అన్నారు. అల్లుడన్నవాడు ఇలాంటప్పుడు ఏమనాలి? "అవునండీ, ఇక్కడ అన్నీ కల్తీ."

బిగించడంలో ఒకటే తిరకాసు. కార్బురేటర్ పైసగానికి ముందు గాస్కెట్ పెట్టి, ఆ తర్వాతే ఫ్లోటు వెయ్యాలి. ఫ్లోటు పిన్ను గుచ్చాక గాస్కెట్ గుర్తొస్తే మళ్లీ మొదటికే. పైసగం తలకిందులుగా పట్టుకుని, గాస్కెట్‌కీ ఫ్లోటుకీ మధ్య పావంగుళం సందు ఉండాలి. స్కేలెందుకు, పావంగుళం డ్రిల్ బిట్ కాడ దూర్చి చూస్తే చాలు. రెండు గుళ్ల దగ్గరా ఒకే కొలత రావాలి.

వచ్చింది. బిగింపు అయ్యింది. ట్యాంకు వాల్వు రెండు చుట్లు తిప్పి (మూడోదాకా తిప్పితే రిజర్వులోకి పోతుంది) చోక్ లాగి స్టార్టర్ నొక్కితే, గాలిగొట్టం అడుగున అదే చిల్లు, అదే బొట్టు.

మళ్లీ విప్పి కొత్త సూది. బొట్టు. మళ్లీ విప్పి మందం వాషర్. బొట్టు పెద్దదైంది. మళ్లీ పల్చనిది.

పక్క పొలం ముసలాయన కంచె మీద మోచేతులు ఆనించి ఇదంతా చూస్తున్నాడట, ఎప్పట్నుంచో. "చోక్ లాక్కుండా చూశావా?" అన్నాడు.

ఈ కార్బురేటర్ కింది నుంచి పైకి పీల్చే రకం. చోక్ లాగితే గాలి తగ్గి పెట్రోలు ఎక్కువ వస్తుంది; అలా పట్టుకుని స్టార్టర్ నొక్కుతూ కూచుంటే, ఇంజన్ తాగని పెట్రోలంతా వెనక్కి జారి ఆ చిల్లులోంచే పడుతుంది. గిన్నె పొంగినా అక్కడే, చోక్ ఎక్కువైనా అక్కడే. వాల్వు తెరిచి, చోక్ ముట్టుకోకుండా, కింద ఎండు అట్టముక్క వేసి పావుగంట ఆగితే తేలిపోయేది. అట్ట పొడిగా ఉంటే కార్బురేటర్ తప్పేం లేదు.

అట్ట పొడిగానే ఉంది. పావుగంటా ముసలాయన కూడా కదలకుండా దాన్నే చూశాడు, అంత అవసరం లేకపోయినా.

ఇంట్లోకి వచ్చేసరికి అత్తగారు ఇంగువ డబ్బా చెత్తబుట్టలో పడేస్తున్నారు. సీలు తీసి వారం కూడా కాలేదు.